భోగాపురం సముద్రతీర విహారం

భోగాపురం సముద్రతీరం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములోని విజయనగరం జిల్లాలో బంగాళాఖాతం వెంబడి ఉన్న ఇసుక తీరము. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడినది. ఈ జిల్లాకు సుమారు 28 కిలోమీటర్ల సముద్రతీరము మాత్రమే కలదు. అది భోగాపురం, పూసపాటిరేగ అను రెండు మండలములలో ఉన్నది. విశాఖపట్నం, శ్రీకాకుళం నగరముల నడుమ జాతీయ రహదారికి సమీపమున ఉండుటచే ఈ తీరమునకు విహారయాత్రికులు, ముఖ్యముగా సెలవు దినములలోను, కార్తీక మాసములోను, అధికముగా వచ్చుచుందురు. ఇక్కడ చేయదగిన పనులు, చూడదగిన ప్రదేశములు, పాటింపదగిన జాగ్రత్తలు ఈ వ్యాసములో వివరింపబడినవి.

భౌగోళికము

భోగాపురం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశము వద్ద, అనగా ఉష్ణమండలములో ఉన్నది. ఇక్కడి తీరరేఖ నైరుతి నుండి ఈశాన్యమునకు సాగును. అందువలన సముద్రము గ్రామములకు తూర్పు, ఆగ్నేయ దిశలలో ఉండును. సూర్యోదయము నీటిపై కనిపించును గాని సూర్యాస్తమయము భూమి వైపున, తూర్పు కనుమల దిశగా జరుగును.

దక్షిణమున గోస్తనీ నది భీమునిపట్నం వద్ద సముద్రములో కలియును. ఈ నది అనంతగిరి కొండలలో పుట్టి బొర్రా గుహల మీదుగా ప్రవహించును. ఉత్తరమున చంపావతి నది కోనాడ గ్రామ సమీపమున సముద్రమును చేరును. ఈ నది మెంటాడ మండలములోని ఆండ్ర ప్రాంతపు కొండలలో పుట్టినది. ఈ రెండు నదీముఖముల నడుమనే భోగాపురం మండలపు తీరము ఉన్నది. ముక్కాం, చేపలకంచేరు ఈ తీరములోని ముఖ్యమైన మత్స్యకార గ్రామములు. పూసపాటిరేగ మండలములో కోనాడ, చింతపల్లి, తిప్పలవలస గ్రామములు ఉన్నవి.

తీరమునకు వెనుక ఇసుక దిబ్బలు, వాటిపై సరుగుడు, జీడిమామిడి, కొబ్బరి, తాటి తోటలు కలవు. దిబ్బల అంచులలో మొగలి పొదలు, ఇసుకపై పాకు తీగలు పెరుగును. ఈ మొక్కల వేళ్ళు ఇసుకను పట్టి ఉంచును. తుఫాను సమయములో గాలి, అలల ధాటికి మొదట ఎదురు నిలుచునవి ఈ దిబ్బలే.

ద్వీప విహారముతో పోలిక

ఉష్ణమండలములో సముద్ర విహారము అనగానే అండమాన్, లక్షద్వీప్, మాల్దీవులు వంటి ద్వీపములు చాలామందికి గుర్తుకు వచ్చును. భోగాపురం తీరము అదే మండలములో ఉన్నను స్వభావములో భిన్నమైనది. ఈ భేదములను తెలిసికొనినచో ఇక్కడ ఏవి చేయవచ్చునో, ఏవి చేయరాదో స్పష్టమగును.

- '''ఇసుక:''' పగడపు దీవులలోని తెల్లని ఇసుక పగడములు, గుల్లలు అరిగి ఏర్పడినది. భోగాపురం ఇసుక తూర్పు కనుమల రాళ్ళు అరిగి నదుల ద్వారా వచ్చినది. అందువలన అది లేత గోధుమ వర్ణములో ఉండును. ఇసుకలో అక్కడక్కడ కనిపించు నల్లని, ఎర్రని చారలు ఇల్మనైటు, గార్నెట్టు వంటి బరువైన ఖనిజములు. అలలు తేలికైన రేణువులను కొట్టుకొనిపోగా ఇవి మిగిలి చారలుగా ఏర్పడును.
- '''అలలు:''' పగడపు దీవుల చుట్టును ఉండు పగడపు గట్టు అలల శక్తిని విరుచును. దాని లోపల నీరు చెరువువలె నిశ్చలముగా ఉండును. భోగాపురం తీరమునకు అట్టి అడ్డు లేదు. బంగాళాఖాతపు అలలు నేరుగా ఒడ్డును తాకును.
- '''నీటి స్వచ్ఛత:''' నదులు తెచ్చు ఒండ్రు, అలలు లేపు ఇసుక కారణముగా ఒడ్డు వద్ద నీరు మసకగా ఉండును. ముఖమునకు గాజు తొడుగు ధరించి, ఒడ్డు దగ్గరనే తేలుచు నీటి అడుగును చూచుట దీవులలో సులభము. ఇక్కడ అది సాధారణముగా సాధ్యము కాదు.
- '''జనావాసము:''' అనేక ద్వీపములలో విహారమునకై ప్రత్యేకించిన తీరములు ఉండును. భోగాపురం తీరము మత్స్యకారుల పనిస్థలము. పడవలు నిలుపుట, వలలు బాగుచేయుట, చేపలు ఎండబెట్టుట అన్నియు ఈ ఇసుకపైననే జరుగును.

చేరుకొను మార్గము

భోగాపురం విశాఖపట్నం నుండి సుమారు 45 కిలోమీటర్లు, విజయనగరం నుండి సుమారు 25 కిలోమీటర్ల దూరములో ఉన్నది. చెన్నై, కోల్‌కతాలను కలుపు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగా పోవుచున్నది. ఈ రహదారికి పూర్వము 5వ సంఖ్య ఉండెడిది. తరువాత 16వ సంఖ్య ఇవ్వబడినది. విశాఖపట్నం, విజయనగరం నుండి బస్సులు కలవు. రహదారి నుండి తీర గ్రామములకు ఆటోలలో వెళ్ళవచ్చును. సమీపములోని పెద్ద రైల్వే జంక్షను విజయనగరం. విశాఖపట్నం నుండి సముద్రము వెంబడి భీమునిపట్నం మీదుగా వచ్చుటకు కూడ రోడ్డు కలదు.

భోగాపురం వద్ద అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయము నిర్మించుటకు 2019 ఫిబ్రవరిలో అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు, 2023 మే 3న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి శంకుస్థాపనలు చేసినారు. నిర్మాణ బాధ్యత జి.ఎం.ఆర్. సంస్థకు అప్పగింపబడినది. దీనికై సుమారు 2,200 ఎకరముల భూమి కేటాయింపబడినది. నిర్వాసితులైన కుటుంబములకు గూడెపువలస, పోలిపల్లి వద్ద పునరావాస కాలనీలు ఏర్పాటు చేయబడినవి.

అనుకూలమైన కాలము

నవంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు వాతావరణము చల్లగా, ఆహ్లాదకరముగా ఉండును. మార్చి నుండి ఎండ, ఉక్క పెరుగును. ఏప్రిల్, మే నెలలలో ఉదయము 9 గంటల లోపు, సాయంత్రము 4 గంటల తరువాత మాత్రమే తీరమున తిరుగుట మంచిది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవన కాలములో అలలు పెద్దవిగా ఉండును.

అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరము దాటినపుడు విజయనగరం జిల్లా కూడ తీవ్రముగా నష్టపోయినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం కొబ్బరి తోటలను నేలమట్టము చేసినది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం సమీపమున తీరము దాటినది. ఈ నెలలలో ప్రయాణమునకు ముందు వాతావరణ శాఖ హెచ్చరికలను తప్పక చూడవలెను. అలల ఎత్తును గూర్చిన సూచనలను హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము ప్రతిదినము ప్రకటించును.

చేయదగిన పనులు

తీరపు నడక

వేకువన 5 గంటల నుండి 8 గంటల వరకు నడకకు అనుకూలము. ఆటుపోట్లను గమనించి బయలుదేరినచో సౌకర్యముగా ఉండును. సముద్రము రోజునకు రెండు పర్యాయములు పొంగి, రెండు పర్యాయములు వెనుకకు తగ్గును. అమావాస్య, పౌర్ణమి రోజులలో ఈ భేదము అధికము. ఆటు సమయములో తడిసి గట్టిపడిన ఇసుక వెడల్పుగా బయటపడును. నడకకు, పిల్లల ఆటలకు అదే తగిన చోటు. పోటు సమయములో నడవదగిన ఇసుక తక్కువగా ఉండును. తడి ఇసుకపై పీతలు తమ బొరియల నుండి తెచ్చి పేర్చిన చిన్న ఇసుక ఉండలను చూడవచ్చును. మనిషి అడుగుల అదురునకు అవి క్షణములో బొరియలలోనికి పోవును. కదలక కూర్చున్న వారికి మాత్రమే మరల కనిపించును.

చేపల వేట చూచుట

ఈ తీరములో రేవు లేదు. మత్స్యకారులు పడవలను ఇసుక మీది నుండి అలలలోనికి నెట్టి, అలల నడుమ వ్యవధి చూచి లోనికి పోవుదురు. పూర్వము దుంగలను త్రాళ్ళతో బిగించి కట్టిన తెప్పలు వాడెడివారు. తరువాతి కాలములో ఫైబరు పడవలు, మోటారు ఇంజనులు వాటి స్థానమును ఆక్రమించినవి. వేకువన వేటకు వెళ్ళిన పడవలు తిరిగి వచ్చు సమయమున ఒడ్డుననే చేపల వేలము జరుగును. పాట పాడి కొనువారిలోను, చేపలను గంపలలో ఊళ్ళకు తీసికొనిపోయి అమ్మువారిలోను స్త్రీలే అధికము.

పెద్దవల లాగుట ఇక్కడ చూడదగిన దృశ్యము. వల యొక్క ఒక కొస త్రాడును ఒడ్డున కొందరు పట్టుకొనగా, పడవ సముద్రములో అర్ధవృత్తాకారముగా వలను వదలుచు పోయి, రెండవ కొసను దూరముగా ఒడ్డునకు చేర్చును. తరువాత రెండు జట్లు రెండు కొసలను లాగుచు క్రమముగా ఒకరికొకరు దగ్గరగును. ఈ పని గంటల తరబడి సాగును. చివరకు వల నడుమనున్న సంచిలో నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు వంటి చేపలు ఒడ్డునకు వచ్చును. పడిన చేపలో వల యజమానికి, లాగిన వారికి వాటాలు ఉండును. వచ్చిన చేప ఎంతయో వల బయటపడు వరకు ఎవరికిని తెలియదు. కొన్నిమార్లు అంత శ్రమకు గంపెడు చేప కూడ దొరకదు.

తూర్పు తీరములో ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవలపై వేట నిషేధింపబడును. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే ఈ నియమము ఏర్పడినది. ఆ రోజులలో తీరమునకు వచ్చువారికి పెద్ద చేపలు అంతగా లభింపవు.

సముద్ర స్నానము

కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి నాడు పరిసర గ్రామముల ప్రజలు సముద్ర స్నానమునకు వచ్చుదురు. కార్తీక మాసపు ఆదివారములలో సరుగుడు, జీడి తోటలలో వనభోజనములు జరుగును. స్నానము ఎప్పుడును మోకాలి లోతులోనే చేయవలెను. మత్స్యకారులు చూపిన చోటనే దిగవలెను. దీనికి కారణములు "సముద్రపు లాగుడు" అను విభాగములో చెప్పబడినవి.

నదీముఖమును చూచుట

కోనాడ వద్ద చంపావతి నది సముద్రములో కలియు చోట ఇసుక తిన్నె ఏర్పడును. వేసవిలో నది ప్రవాహము తగ్గినపుడు ఈ తిన్నె పెరిగి ముఖద్వారమును దాదాపు మూసివేయును. వర్షాకాలపు వరద దానిని మరల తెరచును. ఉప్పునీరు, మంచినీరు కలియు ఇట్టి చోట రొయ్యలు, పీతలు, చిన్న చేపలు పెరుగును. వాటి కొరకు కొంగలు, సముద్రపు కాకులు వంటి పక్షులు చేరును. నదీముఖము చూచుటకే గాని ఈదుటకు తగదు. ఆటు సమయములో నది నీరు, సముద్రపు నీరు కలిసి వేగముగా లోనికి లాగును.

చింతపల్లి దీపస్తంభము

పూసపాటిరేగ మండలములోని చింతపల్లి వద్ద దీపస్తంభము కలదు. ఆంగ్లేయుల కాలపు పటములలో ఈ ఊరు శాంతపిల్లి అని వ్రాయబడినది. తీరమునకు దూరముగా సముద్రములో నీటి మట్టమునకు దాగియున్న శిలలు ఓడలకు అపాయకరముగా ఉండుటచే, 19వ శతాబ్దములో ఇక్కడ దీపము ఏర్పాటు చేయబడినది. నీటిలోని రాళ్ళను ఆశ్రయించి చేపలు అధికముగా ఉండును గనుక, ఓడలకు భయము గొల్పిన చోటు మత్స్యకారులకు జీవనాధారమైనది. నీటి అడుగున ఈదుట నేర్చుకొనగోరు వారు శిక్షకులు లేనిదే ఇట్టి చోట్లకు పోరాదు. అట్టి శిక్షణ విశాఖపట్నములోని ఋషికొండ తీరములో లభించును. ఋషికొండ 2020లో నీలి పతాక గుర్తింపు పొందినది.

తాబేళ్ళ రక్షణ

ఆలివ్ రిడ్లీ అను సముద్రపు తాబేళ్ళు శీతకాలము నుండి వేసవి ఆరంభము వరకు ఉత్తరాంధ్ర తీరములో గ్రుడ్లు పెట్టును. ఆడ తాబేలు రాత్రివేళ ఒడ్డునకు వచ్చి, ఇసుకలో మూరెడు లోతు గుంట త్రవ్వి, సుమారు 100 గ్రుడ్లు పెట్టి, కప్పి వెళ్ళిపోవును. 45 నుండి 60 రోజులలో పిల్లలు వెలువడును. పిల్ల ఆడదా, మగదా అనునది ఇసుక వేడిమిని బట్టి నిర్ణయమగును. వేడి ఎక్కువైనచో ఆడపిల్లలు అధికమగును.

పిల్లలు వెలుతురు వైపునకు పోవు స్వభావము గలవి. రాత్రివేళ చీకటి భూమి కంటె సముద్రము కొంత వెలుగుగా ఉండును గనుక అవి సరియైన దారి పట్టును. ఒడ్డున విద్యుద్దీపములు, చలిమంటలు ఉన్నచో దారి తప్పి భూమి వైపు ప్రాకి చనిపోవును. కావున జనవరి నుండి మే వరకు రాత్రివేళ తీరమున దీపములు వేయరాదు. తాబేలుపై టార్చిలైటు వేయుట, ఫోటో తీయుటకు చుట్టుముట్టుట కూడదు. ఈ తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలులో ఉన్నది. దానిని పట్టుట, గ్రుడ్లు తీయుట నేరము. అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు మత్స్యకార యువకుల సహాయముతో గ్రుడ్లను సేకరించి, కంచె వేసిన చోట పొదిగించి, పిల్లలను సముద్రములో విడుచుచున్నవి. అనుమతితో ఈ కార్యక్రమమును చూచుట విద్యార్థులకు మిక్కిలి ప్రయోజనకరము.

ఆహారము

తాజా చేపల పులుసు, వేపుడు, పీతల ఇగురు, ఎండు నెత్తళ్ళ కూర ఈ ప్రాంతపు వంటకములు. వేసవిలో తాటి ముంజలు, జీడిపండ్లు, పనసతొనలు, మామిడిపండ్లు లభించును. కొబ్బరిబోండములు సంవత్సరమంతయు దొరకును. చేప కొనునపుడు కన్నులు ఉబ్బెత్తుగా, స్వచ్ఛముగా, మొప్పలు ఎర్రగా ఉన్న దానిని ఎంచుకొనవలెను.

పరిసరములలో చూడదగిన ప్రదేశములు

- '''భీమునిపట్నం:''' 17వ శతాబ్దములో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరము ఏర్పరచుకొనిరి. వారి సమాధులు నేటికిని చూడవచ్చును. 1861లో ఇక్కడ పురపాలక సంఘము ఏర్పడినది. ఈ రేవు నుండి ఎగుమతి అయిన గోగునార విదేశములలో బిమ్లీ జనపనార అను పేరుతో ప్రసిద్ధి చెందినది. 1933లో విశాఖపట్నం ఓడరేవు ప్రారంభమైన తరువాత ఈ రేవు ప్రాముఖ్యత క్షీణించినది.
- '''పావురాలకొండ, తొట్లకొండ, బావికొండ:''' ఇవి సముద్రమునకు ఎదురుగా కొండలపై వెలసిన బౌద్ధ ఆరామములు. వర్షపు నీటిని నిలువ చేయుటకు రాతిలో తొలిచిన తొట్లను బట్టి తొట్లకొండకు ఆ పేరు వచ్చినది. అక్కడ శాతవాహనుల నాణెములతో పాటు రోమను నాణెములు కూడ లభించినవి. ఈ తీరము పూర్వమే సముద్ర వర్తకములో పాల్గొనినదని వీటివలన తెలియుచున్నది.
- '''ఎర్రమట్టి దిబ్బలు:''' విశాఖపట్నం, భీమునిపట్నం నడుమ గల ఎర్రని ఇసుక మేటలు. వేల సంవత్సరములలో గాలి, సముద్ర మట్టముల మార్పులచే ఏర్పడినవి.
- '''రామతీర్థం:''' నెల్లిమర్ల మండలములో కలదు. ఇక్కడ శ్రీరామాలయముతో పాటు గురుభక్తులకొండపై బౌద్ధ శిథిలములు ఉన్నవి.
- '''విజయనగరం:''' 1713లో శంకుస్థాపన జరిగిన కోట, మహాకవి గురజాడ అప్పారావు నివసించిన గృహము ఇక్కడ చూడదగినవి. దసరా తరువాతి మంగళవారము పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము జరుగును.
- '''శ్రీకాకుళం జిల్లా:''' శ్రీకూర్మం, అరసవల్లి ఆలయములు, శాలిహుండం బౌద్ధ క్షేత్రము, వంశధార నది సముద్రమును చేరు కళింగపట్నం, పక్షులకు ప్రసిద్ధమైన తేలినీలాపురం ఉన్నవి.

సముద్రపు లాగుడు

విహారమునకు వచ్చిన విద్యార్థులు, యువకులు నీటిలో మునిగి మరణించిన దుర్ఘటనలు ఈ తీరములో పలుమార్లు జరిగినవి. మృతులలో ఈత వచ్చినవారు కూడ ఉందురు. చెరువులో, బావిలో నేర్చిన ఈత సముద్రములో చాలదు. దీనికి ముఖ్య కారణము రిప్ కరెంటు అనబడు లాగుడు ప్రవాహము.

అలలు ఒడ్డునకు నీటిని నిరంతరము తెచ్చుచుండును. ఆ నీరు మరల సముద్రములోనికి పోవలెను. ఒడ్డునకు కొంత దూరములో నీటి అడుగున ఇసుక గట్టు ఉండును. ఆ గట్టులో గండి ఉన్నచోట నీరంతయు ఒక సన్నని ప్రవాహముగా చేరి వేగముగా లోనికి పోవును. ఈ వేగము కొన్నిమార్లు సెకనుకు 2 మీటర్లకు చేరును. పోటీలలో ఈదు క్రీడాకారుడు కూడ అంతటి ప్రవాహమునకు ఎదురీదజాలడు.

గండి ఉన్నచోట లోతు ఎక్కువగుటచే అలలు అంతగా విరుగవు. రెండు ప్రక్కల తెల్లని నురుగు ఉండగా నడుమ నీరు నల్లగా, ప్రశాంతముగా కనిపించును. తెలియనివారు అదే క్షేమకరమైన చోటని భావించి దిగుదురు. వాస్తవమునకు అదే అపాయకరమైన చోటు. నురుగు, చెత్త, ఇసుక కలిసిన నీరు లోనికి పోవుచున్నట్లు కనిపించుట దీనికి మరియొక గుర్తు.

ఇందులో చిక్కుకొనినవారు చేయవలసినవి:

- ఒడ్డు వైపు ఎదురీదరాదు. అట్లు చేసినవారు అలసిపోయి మునిగిపోవుదురు.
- లాగుడు మనిషిని దూరముగా తీసికొనిపోవును గాని అడుగునకు లాగదు. కావున వెల్లకిల తేలుచు ఊపిరి నిలుపుకొనవలెను.
- శక్తి ఉన్నచో ఒడ్డునకు సమాంతరముగా ఈది, ప్రవాహము దాటిన తరువాత, అలలు విరుగు చోటు మీదుగా ఒడ్డునకు రావలెను.
- ఒక చేయి పైకెత్తి ఊపుచు సహాయము కోరవలెను.

ఒడ్డున ఉన్నవారు ఒకరి వెనుక ఒకరు నీటిలోనికి దూకరాదు. ఒకరిని రక్షింపబోయి ఇద్దరు, ముగ్గురు మరణించిన సంఘటనలు అనేకము. తేలు వస్తువును, అనగా మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాను, గాలి నింపిన ట్యూబు, త్రాడు వంటి వానిని విసరవలెను. వెంటనే దగ్గరి మత్స్యకారులను పిలువవలెను. వారికి ఆ నీటి నడక తెలియును. అత్యవసర సహాయమునకు 112, వైద్య వాహనమునకు 108, తీర రక్షక దళమునకు 1554 సంఖ్యలు కలవు.

బయటకు తీసిన వ్యక్తికి ఊపిరి లేనిచో పొట్ట నొక్కి నీరు కక్కించుటకు ప్రయత్నింపరాదు. దానివలన కాలము వృథా యగుటయే గాక, కక్కినది ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము కలదు. గట్టి నేలపై వెల్లకిల పరుండబెట్టి, నోటిద్వారా శ్వాస ఇచ్చుచు, ఛాతీ నడుమ నొక్కు ప్రథమ చికిత్సను వెంటనే ఆరంభించి, వైద్యసహాయము వచ్చు వరకు కొనసాగింపవలెను. ఈ చికిత్సను విద్యార్థులు పాఠశాలలోనే నేర్చుకొనుట మంచిది. మద్యము సేవించి నీటిలో దిగుట, చీకటి పడిన తరువాత స్నానము చేయుట, పిల్లలను ఒంటరిగా విడుచుట ఎన్నడును కూడదు.

తీరము ఎదుర్కొను సమస్యలు

ముక్కాం వద్ద సముద్రపు కోత వలన తీరమునకు ఆనుకొనియున్న ఇళ్ళు దెబ్బతిన్న సందర్భములు కలవు. తూర్పు తీరములో ఇసుక ఒకచోట నిలిచియుండదు. నైరుతి ఋతుపవన కాలములో అలలు ఇసుకను ఉత్తర దిశకు, శీతకాలములో దక్షిణ దిశకు జరుపును. సంవత్సరము మొత్తము మీద ఉత్తరమునకు పోవునదే అధికము. దక్షిణమున కట్టడములు ఈ నడకను అడ్డగించినను, నదులపై ఆనకట్టల వలన క్రొత్త ఇసుక రాక తగ్గినను, ఉత్తరపు తీరము కోతకు గురియగును. దిబ్బలను చదును చేసి, సరుగుడు నరికి కట్టడములు కట్టినచో ఈ నష్టము మరింత పెరుగును.

సముద్రతీరములో కట్టడములను నియంత్రించుటకు కేంద్ర ప్రభుత్వము 1991లో తీర ప్రాంత నియంత్రణ మండలి ప్రకటన జారీ చేసినది. దాని స్థానమున 2011లోను, తిరిగి 2019లోను క్రొత్త ప్రకటనలు వచ్చినవి. జనసాంద్రత తక్కువగా ఉన్న గ్రామీణ తీరములో పోటు గీత నుండి 200 మీటర్ల వరకు నిర్మాణములపై ఆంక్షలు కలవు.

పర్యాటకము పెరిగిన కొలది గ్రామస్థులకు ఉపాధి లభించు అవకాశము ఉన్నది. అయితే పడవలు నిలుపు చోటు, వలలు ఆరవేయు చోటు, చేపలు ఎండబెట్టు చోటు విహారస్థలములుగా మారినచో మత్స్యకారుల వృత్తి కుంటుపడును. స్థానికముగా వేట గిట్టుబాటు కాక ఈ రెండు జిల్లాల మత్స్యకారులు గుజరాత్ రాష్ట్రములోని వెరావల్ రేవునకు వలసపోవుట చాలకాలముగా ఉన్నది. 2018లో అట్లు పోయి సముద్ర సరిహద్దు వద్ద పాకిస్తాన్ అధికారులకు చిక్కిన 20 మంది ఆంధ్రప్రదేశ్ మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా మీదుగా స్వదేశమునకు చేరిరి.

విహారయాత్రికులు పాటింపవలసిన మర్యాదలు

- పడవలు దిగు దారిలో వాహనములు నిలుపరాదు. ఒడ్డునకు వచ్చు పడవ అలల వేగముతో వచ్చును గనుక దాని ఎదుట నిలువరాదు.
- ఇసుకపై ఆరబెట్టిన చేపలను, పరచిన వలలను త్రొక్కరాదు. అవి ఒక కుటుంబపు ఆ నాటి సంపాదన.
- గంగమ్మ గుడుల వద్ద, పడవలపై చెప్పులతో ఎక్కరాదు.
- అనుమతి లేక స్త్రీల ఫోటోలు తీయరాదు.
- ప్లాస్టిక్ సంచులు, సీసాలు తిరిగి తీసికొనిపోవలెను. సముద్రములో తేలు సంచులను జెల్లీ చేపలని భ్రమించి తాబేళ్ళు మ్రింగును. పగిలిన సీసాలు చెప్పులు లేక పనిచేయు మత్స్యకారుల పాదములను గాయపరచును.

అండమాన్ దీవులతో సంబంధము

నిజమైన ద్వీప విహారము కోరువారికి ఈ ప్రాంతము నుండి అందుబాటులో ఉన్నవి అండమాన్ దీవులు. విశాఖపట్నం నుండి ఈ దీవుల రాజధానికి ప్రయాణీకుల ఓడలు నడుపబడుచున్నవి. ప్రయాణము సుమారు మూడు రోజులు పట్టును. పోర్ట్ బ్లెయిర్ అను ఈ నగరమునకు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చబడినది. ఇక్కడి సెల్యులార్ జైలు స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో ప్రసిద్ధమైనది. హేవ్‌లాక్ దీవికి 2018లో స్వరాజ్ ద్వీపము అను పేరు పెట్టబడినది.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుండి అనేక కుటుంబములు కూలి పనులకు, చేపల వేటకు ఈ దీవులకు వలసపోయి స్థిరపడినవి. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో సుమారు 13 శాతము మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళముల తరువాతి స్థానము తెలుగుదే. కావున ఉత్తరాంధ్ర నుండి పోవు యాత్రికునికి అక్కడ తన యాస వినిపించుట అరుదు కాదు.

ఇవి కూడా చూడండి

- విజయనగరం జిల్లా
- భీమునిపట్నం
- చంపావతి నది
- గోస్తనీ నది
- తొట్లకొండ
- ఆలివ్ రిడ్లీ తాబేలు
- అండమాన్ నికోబార్ దీవులు